పోకూడని మనిషి

శవాన్ని వాకిట్లో దించి తల దగ్గర దీపం పెట్టగానే, అందరికంటే ముందు గొంతెత్తింది ఆయన భార్య కాదు, పిల్లలూ కాదు. రెండు వీధుల అవతల నుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చిన పెంచలమ్మ. వస్తూనే కర్ర పక్కన పడేసి, ఆయన గుండెల మీద రెండు చేతులతో కొట్టి, "నన్ను సాగనంపినాకనే పోతానంటివి గదరా తమ్ముడా! ఇప్పుడు నా కాయితానికి దిక్కెవురురా!" అని కేకపెట్టింది.

పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డ ఆమె పెద్దకొడుకు రమణయ్య మెల్లగా తల తిప్పి, "ఏం కాయితం అమా?" అన్నాడు.

పెంచలమ్మ నాలుక కరుచుకుని, మళ్ళీ ఏడుపు అందుకుంది. కానీ ఈసారి ఏడుపులో మాటలు లేవు.

ఆ తర్వాత వచ్చిన ముసలివాళ్ళ ముఖాల్లో కూడా దుఃఖం కంటే కంగారే ఎక్కువ కనిపించింది. దండ వేసి, దణ్ణం పెట్టి పోవలసినవాళ్ళు అక్కడే నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నారు. వాళ్ళను వాళ్ళ కొడుకులు, కోడళ్ళు చూస్తున్నారు. సాయంత్రం శవం లేచేలోపు, ఊళ్ళో ఎవరెవరు గుట్టుగా విల్లు రాసుకున్నారో ఊరందరికీ తెలిసిపోయింది. బతికినన్నాళ్ళూ ఆయన నోటి నుంచి ఒక్క ముక్క బయటికి రాలేదు. పోయిన రోజున మొత్తం బయటపడింది.

మైపాడు బీచికి వెళ్ళే దారిలో, ఇందుకూరుపేట దాటాక కొంచెం లోపలికి ఉండే ఊరు అది. ఒక పక్క వరి కయ్యలు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. ఆయనకు అదీ కొంచెం, ఇదీ కొంచెం ఉండేవి. వాటితో ఇల్లు గడిచేది. కానీ ఆయన తన పని అనుకున్నది వేరే. ఊళ్ళో ఎవరు విల్లు రాసుకున్నా సాక్షి సంతకం ఆయనదే. ఎవరూ నియమించలేదు, ఎవరూ ఏమీ ఇవ్వరు. పెద్దలు "సంతకమన్న" అనేవారు. పిల్లలు "సంతకం తాత" అనేవారు. అసలు పేరు ఓటరు జాబితాకే పరిమితమైంది.

విల్లుకు ఇద్దరు సాక్షులు ఉండాలన్నది చట్టం. రాసినవాళ్ళు పోయాక, పేచీ వస్తే, "అవును, నా కళ్ళముందు పెట్టిన సంతకమే" అని కోర్టులో చెప్పాల్సింది వాళ్ళే. ఆయన తండ్రి విల్లుకు సాక్షులుగా కూర్చున్న ఇద్దరూ తండ్రి ఈడు స్నేహితులు. ముగ్గురూ కాస్త అటూ ఇటూగా పోయారు. ఆ విల్లులో రాసిన కయ్య కోసం ఆయనా, ఆయన అన్నా నెల్లూరు కోర్టు మెట్లు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ, చివరికి కోర్టు క్యాంటీన్లోనే ఒకే ప్లేటులో కారం దోశ పంచుకుని తింటూ రాజీ పడ్డారట. ఆ రోజు నుంచి ఆయనకు ఒక సిద్ధాంతం ఏర్పడింది. సాక్షికి ఉండాల్సిన మొదటి అర్హత నిజాయితీ కాదు, ఆరోగ్యం.

ఆ అర్హతను ఆయన కాపాడుకున్న తీరు చూసి తీరాలి. తెల్లవారకముందే లేచి సముద్రం దాకా నడక. ఉప్పుచేప ముట్టడు. బీడీ, చుట్ట, మందు, ఏదీ లేదు. మోటారు సైకిలు వెనక కూర్చోమంటే కూర్చోడు. "నడిచి వస్తాలే, పడితే నేనొక్కడినే పడేది కాదు" అనేవాడు. ఒకసారి పెద్దవాన పట్టి, మైపాడు రోడ్డు మీద నా కారు ఆపి ఎక్కమంటే, టైర్లను కాలితో తన్ని చూసి, నా వయసు అడిగి, అప్పుడు ఎక్కాడు. దారి పొడుగునా ముందు సీటు పట్టుకునే కూర్చున్నాడు.

"ఏందన్నా అంత భయం?" అన్నాను.

"నాకేం భయం లే. నేను పోకూడదబ్బా. నా మీద చానా మంది ఉండారు" అన్నాడు. అంత గంభీరంగా అన్నాడు కాబట్టి, బీచి మలుపు వచ్చేదాకా నవ్వు ఆపుకున్నాను.

సంతకం పెట్టే పద్ధతి కూడా ఆయనకు సొంతమే. చొక్కా జేబులో ఒక పెన్ను ఉండేది. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కాగితం ముందుకు జరపగానే భుజం మీది తువ్వాలు తీసి రాతనంతా కప్పేసేవాడు. అడుగున సంతకాల చోటు మాత్రం కనిపించాలి. "లోపల ఏముందో నాకెందుకు? రాసినామె వేలిముద్ర ఏసింది, నేను చూసినాను. అంతవరకే నా లెక్క." చట్టం కూడా అంతవరకే అడుగుతుంది. సాక్షికి విల్లులో ఏముందో తెలియాల్సిన పని లేదు. కానీ తువ్వాలు కప్పమని ఏ చట్టమూ చెప్పలేదు.

కాగితం కప్పకముందు ఒక పరీక్ష ఉండేది. విల్లు రాసే మనిషికి మతి స్థిమితంగా ఉండాలి కదా. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు ఉండేవాడు. ఈయన పక్కన రెండో సాక్షి ఎప్పుడూ ఆయనే. డాక్టరు ఆ మనిషి నాడి పట్టుకుని చూసేవాడు. ఈయన మాత్రం ఒకటే ప్రశ్న అడిగేవాడు. "చివరిసారిగా ఎవురితో గొడవ పడినావు?" ఎవరితో, ఎందుకు, ఎవరు ముందు మాట జారారు అన్నది వివరంగా చెప్పగలిగితే, మతి నిక్షేపంగా ఉన్నట్టు లెక్క.

ఆ పరీక్ష నేను ఒక్కసారి చూశాను. నాకు దూరపు బంధువైన ఒక ముసలి రైతు, ఆ ఊరివాడే, విల్లు రాస్తానంటే వెళ్ళాను. నులక మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ చూసి నవ్వుతున్నాడు.

"మామా, చివరిసారి ఎవురితో గొడవైంది నీకు?" అని ఈయన అడిగాడు.

"గొడవేందిరా? అందరూ మంచోళ్ళే" అన్నాడు ముసలాయన.

"పొరుగు గుంటోడు ఉప్పునీళ్ళు నీ కయ్యలోకి వదిలినాడు గదా. నువ్వు పార ఎత్తుకోని పోతివి."

"వాడా? పాపం, వాడూ మంచోడేలే."

ఈయన కొంతసేపు ఆ ముఖంలోకి చూశాడు. తర్వాత పెన్ను మూత పెట్టి జేబులో వేసుకుని, బయట నిలబడ్డ కొడుకులతో, "మీ నాయన అందరినీ క్షమించేసినాడు. ఇంక విల్లు కుదర్దు" అన్నాడు. అని మళ్ళీ లోపలికి వెళ్ళి, ముసలాయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, చాలాసేపు పాత పంటల మాటలు మాట్లాడి వచ్చాడు.

సంతకానికి డబ్బు పుచ్చుకోడు. ఒక పూట భోజనం మాత్రం కాదనడు. అది కూడా పులుసన్నం. మామిడికాయ వేసిన చేపల పులుసు మా వైపు ఏ పూట వండింది ఆ పూట తినరు. రాత్రంతా ఊరి, మర్నాటికి రుచి దిగాలి. "పులుసు చేసి పెట్టమ్మే, రేపు వచ్చి తింటా" అని చెప్పి వెళ్ళేవాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. ఒక ఇంటికి ఆయన వరసగా రెండు రోజులు వెళ్ళాడంటే, మొదటిరోజు సంతకానికి, రెండోరోజు పులుసుకు అని ఊరు లెక్క గట్టేసింది. కోడళ్ళు వీధిలో ఆయన నడకను కనిపెట్టుకుని ఉండేవారు.

ఈ సంగతి తెలిసి ఆయన ఏం చేశాడంటే, గుట్టు కాపాడడానికి ఊళ్ళో అందరి ఇళ్ళకూ రెండు రోజులు వరసగా వెళ్ళి తినడం మొదలుపెట్టాడు. సంతకం ఉన్నా, లేకపోయినా. భార్య ఆయనకు వండడం మానేసింది. దాంతో ముసలమ్మలకు ఇంకో ఉపాయం దొరికింది. విల్లూ లేదు, ఏమీ లేదు, కోడలు రెండు రోజులుగా కాఫీ ఇవ్వడం లేదంతే. ఆయన్ను పిలిచి, వాకిట్లో అందరికీ కనిపించేలా పీట వేసి, బొమ్మిడాయిల పులుసు వడ్డించేవారు. మూడోరోజు నుంచి కాఫీ వేళకు వచ్చేది. ఆయనకు ఈ సంగతీ తెలుసు. తెలిసీ వెళ్ళేవాడు. "నేను తింటే ఒక ముసల్దానికి కాఫీ వస్తాదంటే తినేదానికేం రోగం నాకు?" అనేవాడు.

నాకు ఆయన పరిచయమైంది ఊళ్ళో కాదు, నెల్లూరులో. అప్పట్లో మా పత్రిక జిల్లా పేజీలో పాఠకుల ఆస్తి సందేహాలకు ఒక వకీలు మిత్రుడు జవాబులు చెప్పేవాడు. నేను వాటిని కుదించి అచ్చుకు పంపేవాణ్ణి. ప్రశ్నలు ఎప్పుడూ అవే. తాతల ఆస్తిని విల్లు రాయొచ్చా? నీ భాగం వరకు రాయొచ్చు. ఆడపిల్లకు వాటా ఉందా? ఉంది. స్టాంపు కాగితం కావాలా? అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్టరు చేసిన విల్లును మళ్ళీ మార్చొచ్చా? మార్చొచ్చు, చివరగా రాసిందే నిలుస్తుంది. ఉత్తరం రాస్తే సరిపోయేదానికి ఈయన బస్సెక్కి స్వయంగా వచ్చేవాడు. వచ్చి, వకీలు ఎదుట కుర్చీ అంచు మీద కూర్చుని, "మావూళ్ళో ఒకాయన" అని మొదలుపెట్టేవాడు.

ఎవరి సంగతో తెలిసిపోతుందేమోనని వివరాలన్నీ మార్చేసేవాడు. కయ్యలను బర్రెలు చేసేవాడు. కూతుళ్ళను కొడుకులు చేసేవాడు.

"ఒకాయనకు నాలుగు బర్రెలుండాయి సార్. రెండు వాళ్ళ నాయన ఇచ్చినవి, రెండు ఈయన కొన్నవి."

"బర్రెలకు విల్లు ఏమిటయ్యా? విల్లు చెల్లేలోపు అవి ఉంటాయా?"

"ఉంటాయి సార్. చానా గట్టి బర్రెలు."

ఇంటికి వెళ్ళాక మళ్ళీ బర్రెలను కయ్యలుగా మార్చుకుని, సలహా అడిగినవాళ్ళకు చెప్పేవాడన్నమాట. అందులో ఒకసారి దెబ్బతిన్నాడు.

ఆ రోజు అడిగింది ఇది. "ఒకాయనకు ఇద్దరు కొడుకులు సార్. చిన్నోడు పోయినాడు, పిల్లల్లేరు. చిన్నకోడలు మాత్రం యాడికీ పోకుండా మామను చూసుకుంటుండాది. ఈయన విల్లు రాయకుండా పోతే ఆ పిల్లకు ఏమన్నా వస్తాదా?"

"వస్తుంది. చనిపోయిన కొడుకు భార్యకు మామగారి ఆస్తిలో వాటా ఉంటుంది" అన్నాడు వకీలు. "ఆమె దిగులు పడక్కర్లేదు."

ఈయన చాలా సంతోషపడి, మా ఇద్దరికీ టీ తెప్పించి వెళ్ళిపోయాడు. మరుసటి వారం మళ్ళీ వచ్చాడు. కూర్చోలేదు. తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇంకా సందేహమా?"

"సందేహం కాదు సార్. నిద్ర పట్టడంలా." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆయన... ఆయన కాదు సార్. ఆమె."

"ఎవరు?"

"మామ కాదు, అత్త. ఆస్తి అత్తది. ఆమె కష్టపడి కొనుక్కునింది. ఎవురో తెలిసిపోతాదని మామను చేసినా."

వకీలు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఎంత పని చేశావయ్యా! మామ ఆస్తి దారి వేరు, అత్త ఆస్తి దారి వేరు. అత్త విల్లు రాయకుండా పోతే, పిల్లలు లేని ఆ కోడలికి ఏమీ రాదు. అంతా పెద్దకొడుక్కే."

"ఏమీ రాదా?"

"ఒక్క గజం కూడా."

"నేను పోయి ఆమెకు దిగులొద్దని చెప్పేసినాను సార్" అన్నాడు. చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే మెట్లు దిగిపోయాడు. ఏ బస్సు దొరికిందో ఏమో, ఆ సాయంత్రమే పెంచలమ్మ చేత విల్లు రాయించి, తువ్వాలు కప్పి, తనూ ఆర్ఎంపీ డాక్టరూ సంతకాలు పెట్టారు. మర్నాడు పులుసు తినడానికి కూడా వెళ్ళలేదట. మొహం చెల్లలేదని చెప్పాడు.

ఆ అత్త పెంచలమ్మ అనీ, ఆ కోడలు సుజాత అనీ నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఇదిగో, ఆయన శవం దగ్గర పెట్టిన కేకతోనే తెలిసింది. పెంచలమ్మ తలమీద గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మి కొన్న ఇంటి స్థలమే ఆ ఆస్తి. అందులో రెండు గదుల ఇల్లు. అత్తా కోడలూ ఉండేది అందులోనే. రమణయ్య పక్కవీధిలో మేడ కట్టుకున్నాడు.

ఆయన ఎలా పోయాడో చెప్పలేదు కదూ. రోగం లేదు, రొష్టు లేదు. నడక నుంచి వచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కూలబడ్డాడు. ఆర్ఎంపీ డాక్టరు అంతకు ఏడాది ముందే పోయాడు. ఊరందరికీ నాడి చూసిన మనిషి తన నాడి చూసుకోలేదు. అంటే, ఊళ్ళో ఆరోగ్యవంతుడని నమ్మి అందరూ ఒక్కడి దగ్గరికే వెళ్ళడం వల్ల, దాచుకున్న విల్లులన్నీ ఒక్క పూటలో సాక్షులు లేనివైపోయాయి.

దినాల తర్వాత పెంచలమ్మ కబురు చేస్తే, వకీలును వెంటబెట్టుకుని వెళ్ళాను. వకీలు నెమ్మదిగానే చెప్పాడు. సాక్షి పోతే విల్లు పోదు. సంతకం ఆయనదేనని ఇంకో విధంగా రుజువు చేసుకోవచ్చు. ఆయనవి పాత సంతకాలు ఏవైనా తెస్తే పోల్చి చూస్తారు.

సంతకమన్న పెద్దకొడుకు బ్యాంకు పుస్తకం తెచ్చి చూపించాడు. అందులో రెండక్షరాల సంతకం. విల్లు మీద మాత్రం తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా పూర్తిగా రాసేవాడు. అది పెద్ద విషయమని ఆయన ఉద్దేశం. ఆ పొడుగు సంతకం మరెక్కడ ఉంటుంది? ఊళ్ళోని మిగతా విల్లుల మీద. వాటిని చూపించమంటే ఒక్కరూ చూపించరు. "నాది విల్లే కాదు, ఊరికే పులుసు పెట్టినా" అని ముగ్గురు ముసలమ్మలు ఒట్టు వేశారు.

"అయితే ఇంకొకటి రాసుకోవడమే మేలు" అన్నాడు వకీలు.

రమణయ్య గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "శవంతో మాట్లాడే మనిషికి మతి ఉందని ఎవురు చెప్తారు సార్?" అన్నాడు.

పెంచలమ్మ లేచింది. "నాకు మతి లేదా? మొన్న బుధవారం నువ్వు ఈ గడపలో నిలబడి ఏమన్నావో చెప్పనా? నీ పెళ్ళాం నా పట్టుచీరె యాడ దాచిందో చెప్పనా? నీ తమ్ముడు ఆస్పత్రిలో ఉంటే నీకు గుంటలో నీళ్ళు మార్చే పని పడిందని రాలేదే, అది చెప్పనా?" వరసగా చెప్పుకుపోయింది, రోజుతో సహా. రమణయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సుజాత అత్త చేతికి మంచినీళ్ళ చెంబు ఇచ్చి లోపలికి పోయింది.

మతి సంగతి తేలింది. ఇక సాక్షులు. ఊళ్ళో గుంటలన్నిటికీ నీళ్ళు పోయే కాలువ రమణయ్య గుంట పక్కనుంచే రావాలి. అందుకని అడిగినవాళ్ళందరికీ ఆ రోజే పని పడింది. ఒకరు కృష్ణపట్నంలో కంపెనీ బస్సు అందుకోవాలి. ఒకరికి కన్ను అదురుతోంది, ఆ రోజు సంతకం పెట్టకూడదట. నెల్లూరు నుంచి ఎవరినైనా తెస్తానంటే పెంచలమ్మ ఒప్పుకోలేదు. "నేను పోయినాక, కోర్టోళ్ళు పిలిస్తే, వాళ్ళు యాడ దొరుకుతారు?"

"నేను పెడతాలేమ్మా" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "షుగరుందా?"

"ఉంది."

"బీపీ?"

"కొంచెం."

"మెట్లెక్కితే ఆయాసమొస్తాదా?"

అబద్ధం చెప్పబోయి, వకీలు ముఖం చూసి ఆగాను. "వస్తుంది."

"వద్దులే నాయనా. ఏమీ అనుకోబాక" అంది. "నీకంటే నేనే గట్టిగా ఉండా." తర్వాత వకీలు వైపు తిరిగింది. ఆయన గుండెకు స్టెంటు వేసిన సంగతి ముందే చెప్పేశాడు.

ఆఖరికి ఊరి ఏఎన్ఎం నర్సమ్మ ఒప్పుకుంది. పడుచు పిల్ల, ఎక్కడికి బదిలీ అయినా అడ్రసు దొరుకుతుంది. పెంచలమ్మ ఒక షరతు పెట్టింది. ముందు ఆ పిల్ల తన చేతికి పట్టీ చుట్టుకుని, బీపీ ఎంతో ఆమెకు చూపించాలి. చూపించింది. అంకెలు చదవడం రాకపోయినా పెంచలమ్మ దాన్ని చాలాసేపు చూసి, తల ఊపింది.

ఇది రాసేనాటికి కొత్త విల్లు మీద పెంచలమ్మ వేలిముద్ర ఉంది. దాని కింద ఏఎన్ఎం సంతకం ఉంది. సాక్షులిద్దరూ ఒకేసారి పెట్టాలని లేదు, రెండోవారు తర్వాతైనా పెట్టవచ్చు, పెంచలమ్మ బతికుండగానే పెట్టాలి. ఈ నెలలో పెంచలమ్మను రెండుసార్లు నెల్లూరు ఆస్పత్రికి తీసుకువెళ్ళి తెచ్చారు. రెండో సంతకం ఇంకా పడలేదు.